పెర్ల్ బక్: రెండు భాషల మధ్య పెరిగిన అమ్మ



ఈ నెల మీకు ఒక రచయిత్రి జీవితం చెప్పాలనుకుంటున్నాను. ఆమె చనిపోయి యాభై ఏళ్లు దాటింది. అయినా ఆమె కథ మన ఇళ్లకూ, మన క్లాసురూములకూ చాలా దగ్గరగా ఉంటుంది. అయితే ముందుగా నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ తప్పు వల్లే నేను ఆమె గురించి శ్రద్ధగా చదివాను.

నేను రెండో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. కొంతకాలం క్రితం, విద్యా సంవత్సరం మధ్యలో, నా క్లాసులో ఒక పాప చేరింది. వయసు ఏడేళ్లు. అంతకు కొద్ది నెలల ముందే ఒక దంపతులు ఆ పాపను ఒడిశా నుంచి చట్టప్రకారం దత్తత తీసుకున్నారు. పాపకు వచ్చింది ఒడియా ఒక్కటే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్. వారాలు గడిచినా నోరు విప్పలేదు. పక్క పిల్లలు ఏం చేస్తే అదే చేసేది, బెల్ కొట్టగానే బ్యాగు సర్దుకునేది, అంతే. పాప క్లాసులో పాల్గొనడం లేదని నేను డైరీలో రాశాను.

పేరెంట్-టీచర్ మీటింగుకు వాళ్ల అమ్మగారు ఒక చిన్న నోట్‌బుక్ తెచ్చారు. అందులో ఆవిడ ఫోన్‌లో చూసి నేర్చుకున్న ఒడియా మాటలు ఓ ఇరవై ఉన్నాయి. అన్నం, నీళ్లు, నిద్ర, నొప్పి, భయం, ఇలాంటివి. ఇంట్లో ఈ మాటలు వాడితే మంచిదేనా అని నన్ను అడిగారు. నేను తడుముకోకుండా వద్దని చెప్పాను. పాత భాష చెవిన పడుతూ ఉంటే కొత్త భాష రాదని, ఇంట్లో కూడా వీలైనంత వరకు ఇంగ్లిషే మాట్లాడమని సలహా ఇచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. నోట్‌బుక్ మూసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

ఆ సలహా తప్పు. అది తప్పేమోనన్న అనుమానం నాకు మొదట కలిగింది పెర్ల్ బక్ జీవితం చదువుతున్నప్పుడే.

యాంగ్జీ నది ఒడ్డున

పెర్ల్ 1892 జూన్ 26న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, హిల్స్‌బరో అనే చిన్న ఊళ్లో పుట్టింది. తల్లిదండ్రులు చైనాలో పనిచేసే క్రైస్తవ మత ప్రచారకులు. సెలవు మీద స్వదేశానికి వచ్చినప్పుడు ఈ పాప పుట్టింది. అంతకు ముందు చైనాలో వాళ్లకు ముగ్గురు పిల్లలు చనిపోయారు. అయినా కొన్ని నెలల పసికందుతో మళ్లీ అక్కడికే ఓడ ఎక్కారు.

పెర్ల్ బాల్యం ఎక్కువగా యాంగ్జీ నది ఒడ్డున ఉన్న జెన్‌జియాంగ్ నగరంలో గడిచింది. విదేశీయుల కోసం ప్రత్యేకంగా కట్టిన పేటలో కాకుండా చైనావాళ్ల మధ్యే ఆ కుటుంబం ఉండేది. ఆ పాపను పెంచిన ఆయా పేరు వాంగ్. దయ్యాల కథలు, డ్రాగన్ల కథలు, బుద్ధుడి కథలు అన్నీ ఆ ఆయా ఒళ్లోనే విన్నది. ఇంగ్లిష్‌తో పాటే, ఒక రకంగా అంతకంటే ముందే, చైనా భాష ఆమె నోటికి వచ్చింది. ఆడుకున్నది ఆ భాషలో, అలిగింది ఆ భాషలో, ఆకలేస్తే అడిగింది కూడా ఆ భాషలోనే.

చదువు రెండు పూటలా సాగేది. పొద్దున అమ్మ అమెరికన్ పాఠ్యపుస్తకాలు చెప్పేది. మధ్యాహ్నం కుంగ్ అనే పండితుడు వచ్చి చైనా లిపి, చరిత్ర, కన్ఫ్యూషియస్ బోధనలు నేర్పేవాడు. ఒక భాష వల్ల ఇంకో భాష పాడవుతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అమ్మ నేర్పే పుస్తకాల ఇంగ్లిష్ పెరుగుతూనే ఉంది, ఆయా నేర్పిన చైనా భాషా పెరుగుతూనే ఉంది.

పెర్ల్‌కు ఎనిమిదేళ్లు వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. 1900లో చైనాలో విదేశీయుల మీద తిరుగుబాటు జరిగింది. చరిత్రలో దాన్ని బాక్సర్ తిరుగుబాటు అంటారు. నిన్నటి దాకా కలిసి ఆడుకున్న పిల్లలు ఇంటికి రావడం మానేశారు. తల్లి పిల్లలను తీసుకుని షాంఘైకి వెళ్లిపోయింది. తాను ఆ ఊరి పిల్లనే అనుకుంటున్న పెర్ల్‌కు, ఆ ఊరు తనను పరాయిదానిగా చూడగలదని మొదటిసారి తెలిసింది.

సొంత దేశంలో కొత్త పిల్ల

1910లో పద్దెనిమిదేళ్ల పెర్ల్‌ను తల్లిదండ్రులు అమెరికాలోని రాండాల్ఫ్-మేకన్ మహిళా కాలేజీలో చేర్పించారు. అది వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో ఉంది. చేర్పించి వాళ్లు చైనాకు తిరిగి వెళ్లిపోయారు.

ఇక్కడ మనం ఒక నిమిషం ఆగి ఆలోచించాలి. పెర్ల్‌కు ఇంగ్లిష్ బాగా వచ్చు. రంగు, రూపం తోటి అమ్మాయిల లాంటివే. పాస్‌పోర్ట్ కూడా ఆ దేశానిదే. అయినా అక్కడ ఆమె కొత్త పిల్లే. చైనా దర్జీ కుట్టిన బట్టలు అక్కడి ఫ్యాషన్‌కు సరిపోలేదు. తోటి అమ్మాయిల మాటల్లో దొర్లే సరదా పదాలు తెలియవు. చైనా భాష మాట్లాడే వింత అమ్మాయిగా ఆమెను చూసేవాళ్లు. ఆమె పెరిగిన దేశం గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి మాత్రం అక్కడ పెద్దగా ఎవరికీ లేదు.

పెర్ల్ తెలివిగా సర్దుకుపోయారు. అమెరికన్ బట్టలు కొనుక్కున్నారు, జుట్టు అందరిలా దువ్వుకున్నారు, వాళ్ల మాటతీరు పట్టుకున్నారు. మూడో ఏడాదికి క్లాసుకు అధ్యక్షురాలిగా కూడా ఎన్నికయ్యారు. పైకి చూసేవాళ్లకు ఆ అమ్మాయి పూర్తిగా కలిసిపోయినట్టే. కానీ తనలో సగం మనిషిని పక్కన పెట్టి ఆమె ఆ నాలుగేళ్లు గడిపారు. 1914లో డిగ్రీ పూర్తయింది. తల్లికి జబ్బు చేసిందని తెలిసి వెంటనే చైనాకు తిరిగి వెళ్లారు.

కొత్త బడిలో నెల తిరిగేసరికి యూనిఫామ్ వేసుకుని, రైమ్ అప్పజెప్పి, చేతులు కట్టుకుని కూర్చునే పిల్లలను చూసి, సర్దుకుపోయారు అని మనం సంతోషిస్తాం. టీచర్లుగా మేమూ అంతే. లోపల ఆ పిల్లలు ఏం దాచుకున్నారో అడగడానికి మా ముప్పై అయిదు నిమిషాల పీరియడ్‌లో తీరిక ఉండదు. ఇంట్లో మీకైతే ఉంటుంది.

ఇద్దరు కూతుళ్లు

1917లో పెర్ల్ వ్యవసాయ ఆర్థిక నిపుణుడు జాన్ లాసింగ్ బక్‌ను పెళ్లి చేసుకున్నారు. బక్ అనే ఇంటిపేరు అలా వచ్చింది. ఉత్తర చైనా పల్లెల్లో భర్తతో తిరిగినప్పుడు రైతుల ఇళ్లు, వాళ్ల కరువులు, పెళ్లిళ్లు, చావులు దగ్గరగా చూశారు. తర్వాత నాన్‌జింగ్‌లో కాపురం పెట్టారు.

1920లో కూతురు కెరోల్ పుట్టింది. చూడచక్కని పాప. కానీ ఏళ్లు గడుస్తున్నా మాటలు సరిగా రాలేదు, వయసుకు తగ్గ ఎదుగుదల లేదు. దానికి కారణం ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుకతో వచ్చే లోపం. ఆ జబ్బును వైద్యులు మొదట గుర్తించిందే 1934లో. ఇప్పుడైతే పుట్టిన కొద్ది రోజుల్లోనే పాప మడమ నుంచి చుక్క రక్తం తీసి పరీక్షిస్తారు, ఆహారం మార్చి ఆ నష్టాన్ని ఆపుతారు. అప్పట్లో ఆ అవకాశం లేదు. పెర్ల్ ఎన్నో ఆసుపత్రులు తిరిగారు. చివరికి 1929లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న వైన్‌లాండ్ శిక్షణ పాఠశాలలో కెరోల్‌ను చేర్చారు. ఈ బాధను ఆమె చాలా ఏళ్లు బయటకు చెప్పుకోలేదు. 1950లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసినప్పుడు, అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులెందరికో అది ధైర్యం ఇచ్చింది.

రెండో కూతురు 1925లో వచ్చింది. అమెరికాలో ఒక అనాథాశ్రమం నుంచి కొన్ని నెలల పాపను పెర్ల్ దంపతులు దత్తత తీసుకుని నాన్‌జింగ్‌కు తీసుకెళ్లారు. సముద్రాలు దాటి కొత్త భాషల మధ్యకు వెళ్లిన దత్తపుత్రి అలా ముందు ఆమె ఇంట్లోనే పెరిగింది.

1927 మార్చిలో నాన్‌జింగ్‌లో సైనికుల అల్లర్లు జరిగాయి. విదేశీయుల ఇళ్లు దోచుకున్నారు, కొందరిని చంపారు. పెర్ల్ కుటుంబాన్ని కాపాడింది ఒక పేద చైనా మహిళ. కష్టకాలంలో పెర్ల్ ఆమెకు సాయం చేసి ఉన్నారు. ఆ కృతజ్ఞతతో ఆమె అందరినీ తన మట్టి గుడిసెలో దాచింది. పిల్లలతో సహా అందరూ ఆ చీకటిలో గంటల తరబడి చప్పుడు చేయకుండా కూర్చున్నారు. ప్రాణాలతో బయటపడి, ఏడాది పాటు జపాన్‌లో తలదాచుకుని, మళ్లీ నాన్‌జింగ్ వచ్చారు.

చైనా భాషలో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసిన నవల

తిరిగి వచ్చాక ఆ ఇంటి పై గదిలో కూర్చుని పెర్ల్ ఒక చైనా రైతు కుటుంబం కథ రాశారు. అదే 1931లో అచ్చయిన ‘ది గుడ్ ఎర్త్’. రెండేళ్లు వరసగా అమెరికాలో అత్యధికంగా అమ్ముడుపోయిన నవల అదే. 1932లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1938లో పెర్ల్ బక్ సాహిత్యంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ గౌరవం పొందిన మొదటి అమెరికన్ మహిళ ఆమే.

ఇంగ్లిష్ మీడియం టీచర్‌గా నన్ను ఆపి ఆలోచింపజేసిన విషయం ఇక్కడే ఉంది. ఆ నవల రాస్తున్నప్పుడు వాక్యాలు తన మనసులో ముందు చైనా భాషలో తయారయ్యేవని, వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటూ రాశానని ఆమె తర్వాత చెప్పుకున్నారు. ఆ పుస్తకంలో ఇంగ్లిష్ నిదానంగా, సూటిగా, పాత కథల ధోరణిలో సాగడానికి అది ఒక ముఖ్య కారణం. అంటే నోబెల్ దాకా వెళ్లిన ఆ ఇంగ్లిష్‌లో ఒక ఆయా ఒళ్లో విన్న భాష కూడా ఉంది. ఆ ఇంట్లో ఎవరైనా నాలాగే సలహా ఇచ్చి, పాపతో చైనా భాష మాట్లాడొద్దని ఆయాకు చెప్పి ఉంటే?

ఎవరూ వద్దన్న పసివాడు

1934లో పెర్ల్ చైనా వదిలి అమెరికాలో స్థిరపడ్డారు. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. 1935లో తన పుస్తకాల ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్‌ను పెళ్లి చేసుకుని పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో, గ్రీన్ హిల్స్ ఫామ్ అనే పాత రాతి ఇంట్లో కాపురం పెట్టారు. తర్వాతి రెండేళ్లలో నలుగురు పసిపిల్లలను దత్తత తీసుకున్నారు. చైనావాళ్లు అమెరికాకు వలస రాకుండా దశాబ్దాలుగా అమలులో ఉన్న చట్టాన్ని రద్దు చేయాలని భర్తతో కలిసి ప్రచారం చేశారు. 1943లో ఆ చట్టం రద్దయింది.

1948 చివర్లో ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. పదిహేను నెలల ఒక బాబుకు ఇల్లు వెతకాలి. తల్లి అమెరికన్, తండ్రి మన భారతీయుడు. అప్పట్లో దత్తత సంస్థలు పిల్లల జాతి, మతం, ఒంటి రంగు పెంచుకునేవాళ్లతో సరిపోవాలని పట్టుబట్టేవి. ఈ బాబుకు సరిపోయే తల్లిదండ్రులు దొరకరని చేతులెత్తేశాయి. పెర్ల్ వాకబు చేసిన చోటల్లా అదే జవాబు. కొద్ది రోజుల్లోనే ఇలాంటి ఇంకో బాబు గురించి కబురు వచ్చింది. ఈసారి తండ్రి చైనావాడు.

అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్లు. ఇద్దరు పసివాళ్లను చివరి దాకా పెంచే వయసు తమ దంపతులకు లేదని ఆమెకు తెలుసు. అందుకని దగ్గర్లోనే ఉన్న ఒక రైతు దంపతులను ఒప్పించి, ఆ పిల్లలను వాళ్ల ఇంట్లో ఉంచారు. నాటక రచయిత ఆస్కార్ హామర్‌స్టెయిన్, నవలాకారుడు జేమ్స్ మిచెనర్ లాంటి ఇరుగుపొరుగు ప్రముఖులు తోడు నిలిచారు. అలా 1949లో వెల్‌కమ్ హౌస్ మొదలైంది. మొదట అది కొందరు పిల్లలు కలిసి పెరిగే ఇల్లు. తర్వాత దత్తత సంస్థగా మారింది. తర్వాతి దశాబ్దాల్లో ఐదు వేలకు పైగా పిల్లలకు తల్లిదండ్రులను వెతికిపెట్టింది. వాళ్లలో చాలామంది కొరియా లాంటి ఇతర దేశాల నుంచి వచ్చినవాళ్లు.

పెర్ల్ సొంత ఇంట్లోకి కూడా 1950లలో ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, ఒకరు జర్మనీ నుంచి, ఇంకొకరు జపాన్ నుంచి. ఇద్దరి తండ్రులూ నల్లజాతి అమెరికన్ సైనికులు. ఈ పిల్లలు ఒళ్లో పాపలు కారు, మాటలు వచ్చాక వచ్చినవాళ్లు. ఒక భాషను వెంటబెట్టుకుని ఇంకో భాష గుమ్మం తొక్కినవాళ్లు.

పెర్ల్ బక్ అన్నీ తెలిసిన ఆదర్శ మాతృమూర్తి అని నేను చెప్పబోవడం లేదు. పుస్తకాలు, ఉపన్యాసాలు, ప్రయాణాలతో ఆమె ఎప్పుడూ పనిలోనే ఉండేవారు. ఇంట్లో పిల్లల రోజువారీ పనులు చాలావరకు సహాయకులే చూసేవారు. దత్తత నియమాల గురించి వృత్తిరీత్యా సామాజిక సేవలో ఉన్నవాళ్లతో ఆమెకు తరచూ వాదనలు జరిగేవి. కానీ ఒక విషయంలో ఆమె కాలం కంటే ముందున్నారు. రంగు సరిపోలేదని, పుట్టిన దేశం వేరని ఏ పిల్లా ఇల్లు లేకుండా మిగలకూడదు అన్నారు, అని చేసి చూపించారు.

తర్వాత ఆమె ఆలోచన ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. ప్రతి పిల్లనూ అమెరికాకు తేవడం కుదరదు, అవసరమూ లేదు. అమెరికన్ సైనికులకు ఆసియాలో పుట్టిన ఎందరో పిల్లలు తల్లుల దగ్గరే ఉన్నారు, బడుల్లో వెలివేతకు గురవుతున్నారు. వాళ్లు తమ దేశంలో, తమ భాషలోనే చదువుకుని నిలబడేలా సాయం చేయడానికి 1964లో తన పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టారు. 1967లో కొరియాలో ఆ పిల్లల కోసం ఒక కేంద్రం తెరిచారు.

మన దేశంతో ఆమెకు ఇంకో చిన్న బంధం కూడా ఉంది. ఆర్.కె. నారాయణ్ ‘ది గైడ్’ నవలను దేవ్ ఆనంద్‌తో ఇంగ్లిష్‌లో సినిమాగా తీసినప్పుడు దానికి స్క్రీన్‌ప్లే రాసింది పెర్ల్ బక్కే.

పాత భాష ఎక్కడికి పోతుంది?

ఆ రోజుల్లో విదేశాల నుంచి వచ్చిన పిల్లలను వీలైనంత త్వరగా అమెరికన్లుగా మార్చడమే ప్రేమ అని చాలామంది తల్లిదండ్రులు నమ్మేవారు. కొత్త పేరు పెట్టేవారు, కొత్త భోజనం అలవాటు చేసేవారు, పాత భాష ఊసే ఎత్తేవారు కాదు. అందులో చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ పిల్లల్లో ఎందరో పెద్దయ్యాక కొరియాకు వెళ్లి, తమ మొదటి పేరు కోసం, తల్లి భాష కోసం మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నారు.

పసితనంలో భాష మారిన పిల్లలు మొదటి భాషను చాలా త్వరగా మరిచిపోతారు. మాట్లాడే మనిషి పక్కన లేకపోతే కొద్ది నెలల్లోనే మాటలు జారిపోతాయి. మరి ఆ భాష పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుందా? కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2014లో దీని గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. చైనాలో పుట్టి, పసివయసులోనే ఫ్రెంచ్ మాట్లాడే ఇళ్లకు దత్తత వెళ్లిన ఆడపిల్లలను వాళ్లు పరీక్షించారు. ఆ పిల్లలకు చైనా భాష ఒక్క ముక్క కూడా గుర్తులేదు. కానీ ఆ భాషలోని స్వరాల ఎత్తుపల్లాలు వినిపించినప్పుడు వాళ్ల మెదడు, చైనా భాష వచ్చిన పిల్లల మెదడు స్పందించినట్టే స్పందించింది. మనం మరిచిపోయామనుకున్న మొదటి భాష మనల్ని మరిచిపోలేదన్నమాట.

బీఎడ్‌లో నేను చదివి, పరీక్ష రాసి, ఆ తర్వాత మరిచిపోయిన రెండు పాఠాలు కూడా ఇక్కడ చెప్పాలి. ఒకటి, కొత్త భాషలోకి వచ్చిన పిల్లల్లో చాలామందికి ఒక నిశ్శబ్ద దశ ఉంటుంది. వారాలు, ఒక్కోసారి నెలలు మాట్లాడరు. ఆ సమయంలో వాళ్లు ఊరికే కూర్చోరు, వింటూ పోగేసుకుంటారు. రెండు, ఆటలో, బస్సులో మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చేయవచ్చు. పాఠం చదివి అర్థం చేసుకుని సొంతంగా రాసే భాష రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాలో వలస కుటుంబాల పిల్లలపై పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ చెప్పారు. గడగడా మాట్లాడుతున్న పిల్లకు సైన్స్ ప్రశ్న అర్థం కాకపోతే అది బద్ధకం కాదు. మొదటి భాషలో పునాది గట్టిగా ఉంటే రెండో భాషకు అది ఆసరా అవుతుంది.

మన ఇళ్లలో

మీలో కొందరు దత్తత తీసుకుని ఉండవచ్చు, తీసుకోవాలని ఆలోచిస్తూ ఉండవచ్చు. అమెరికాలోనో, యూరప్‌లోనో ఉన్న మీ అన్నయ్యో, వదినో ఇక్కడి నుంచి ఒక పాపను తీసుకెళ్లడానికి దరఖాస్తు పెట్టి ఉండవచ్చు. మన దేశంలో ఈ దత్తతలు చాలావరకు సెంట్రల్ అడాప్షన్ రిసోర్స్ అథారిటీ, అంటే కారా నియమాల ప్రకారం జరుగుతాయి. పిల్ల కొత్త ఇంటికి వెళ్లాక రెండేళ్ల పాటు ఎలా ఉందో నివేదికలు పంపడం ఆ నియమాల్లో భాగం. ఆ రెండేళ్లలో బరువు, ఎత్తు, టీకాలతో పాటు పిల్ల మాట కూడా గమనించాల్సిన విషయమే.

అలాంటి వాళ్లెవరైనా మిమ్మల్ని సలహా అడిగితే ఇలా చెప్పండి. పిల్ల రాకముందే ఆ భాషలో ఒక ఇరవై ముప్పై మాటలు నేర్చుకోమనండి. ఆకలి, దాహం, బాత్రూమ్, నొప్పి, భయం, నేను ఇక్కడే ఉన్నాను, ఇలాంటివి ముందు. ఉచ్చారణ తప్పినా ఫరవాలేదు, పిల్ల నవ్వి దిద్దితే ఇంకా మంచిది. ఆ ఇంట్లో ఒక్క విషయంలో అయినా తనే టీచర్ అవుతుంది. పాత పేరును ఒక్కసారిగా తీసేయొద్దనండి. పిల్ల తిని పెరిగిన వంట వారానికి రెండు మూడు సార్లయినా కంచంలో ఉండనివ్వమనండి. అక్కడి నుంచి వెంట తెచ్చుకున్న గౌను పాతదైనా, చిరిగినా పారేయొద్దనండి. కేర్‌టేకర్ల దగ్గర ఏ జోల వినేదో అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. పది మంది బంధువులను పిలిచి మొదటి వారంలోనే ఫంక్షన్ చేయొద్దని, కొన్నాళ్లు అమ్మానాన్నల ముఖాలే ఎక్కువగా చూడనివ్వమని చెప్పండి. పెర్ల్‌కు అమ్మ ఉంది, ఆయా కూడా ఉంది, రెండు భాషలకూ ఇద్దరు మనుషులున్నారు. ఈ పిల్లకు ఆ రెండు పాత్రలూ కొత్త అమ్మానాన్నలే పోషించాలి.

దత్తతతో సంబంధం లేని ఇళ్లకు కూడా ఇందులో ఒక మాట ఉంది. మన పిల్లలు రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక భాష ఇంటి దగ్గర వదిలి ఇంకో భాషలోకి వస్తున్నారు. నానమ్మ తెలుగులో కథ చెబుతుంటే ఇంగ్లిష్ పాడవుతుందేమోనని ఆపకండి. మీ ఇంట్లో ఉర్దూ, మరాఠీ, తమిళం, గోండి, ఏది మాట్లాడినా మానకండి. ఇంగ్లిష్ మేం నేర్పుతాం. ఆ ఇంటి భాష మేం నేర్పలేం.

1972లో, ఎనభై ఏళ్ల వయసులో పెర్ల్ బక్ ఒక్కసారి చైనా చూడాలని ఆశపడ్డారు. అమెరికా అధ్యక్షుడు ఆ ఏడాదే అక్కడికి వెళ్లి వచ్చారు. కానీ చైనా ప్రభుత్వం ఆమెకు వీసా ఇవ్వలేదు. ఆ తర్వాత కొద్ది నెలలకే, 1973 మార్చి 6న, ఆమె కన్నుమూశారు. గ్రీన్ హిల్స్ ఫామ్‌లోనే సమాధి చేశారు. సమాధి రాయి మీద ఇంగ్లిష్ అక్షరం ఒక్కటి కూడా లేదు. చిన్నప్పటి నుంచి ఉన్న ఆమె చైనా పేరు మాత్రం ఆ లిపిలో చెక్కి ఉంది. అలాగే ఉండాలని కోరుకున్నది ఆమే.

ఆ సంగతి చదివిన మర్నాడే నేను మా క్లాసు పాప వాళ్ల అమ్మగారికి ఫోన్ చేశాను. నా సలహా తప్పని చెప్పి, క్షమించమని అడిగి, ఆ నోట్‌బుక్ మళ్లీ తీయమన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, దాన్ని తాను ఎప్పుడూ పూర్తిగా మూసేయలేదని, రాత్రి పడుకునే ముందు ఆ మాటలు చెబుతూనే ఉన్నానని, టీచర్ వద్దన్నారు కదా అని బయటికి చెప్పలేదని అన్నారు. నాకు సిగ్గూ వేసింది, ఊపిరీ వచ్చింది. ఇదంతా ఇక్కడ రాయడానికి ఒప్పుకున్నది కూడా ఆవిడే.

జూలైలో ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడింది. పిల్లలంతా కిటికీల దగ్గరికి పరిగెత్తారు. పాప కూడా వెళ్లింది. బయటికి చూస్తూ, ఎవరూ అడగకుండానే, బర్షా అంది. పక్కన ఉన్న పిల్లాడు వర్షం అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి, వాటి కింద రెయిన్ అని రాశాను. ఆ రోజు డైరీలో పాప క్లాసులో పాల్గొందని రాశాను.

మీ పిల్లల క్లాస్ టీచర్‌కు ఈ నెల ఒక చీటీ రాసి పంపండి. మీ ఇంట్లో ఏ భాషలు మాట్లాడతారో, ఏ భాషలో మీ పాప లేదా బాబు కలవరిస్తారో చెప్పండి. మాకు తెలియాల్సిన విషయం అది.